డ్రమ్ములో కాదు, గడ్డి కింద!

"యూనివర్సిటీ వాళ్లూ రైతులూ కలిసి చేసిన పరిశోధన ఒకటి పట్టుకోండి. మంగళవారం సాయంత్రానికి కాపీ కావాలి" అన్నారు ఎడిటర్ గారు. ముఖచిత్రం కూడా ఆయనే తేల్చేశారు: నీలం డ్రమ్ము, అందులో కర్ర పెట్టి జీవామృతం కలుపుతున్న ఓ ఆడమనిషి. ప్రకృతి సేద్యం అనగానే ఎక్కడ చూసినా ఆ ఫొటోనే. మిర్చి ఘాటుకి తుమ్ముతూ పెరిగినవాణ్ణి నేను. మందు కొట్టకుండా మిరప పండుతుందంటే సగం నమ్మి సగం నవ్వే బాపతు. అందుకే ఫొటోలు వదిలేసి కాగితం కోసం వెతికాను.

దొరికింది. 2022లో ‘సస్టైనబిలిటీ’ అనే శాస్త్ర పత్రికలో అచ్చయిన వ్యాసం. మొదటి పేరు ఇంగ్లండ్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన సారా డడిగన్‌ది. ఆ వరసలోనే గుంటూరు కేంద్రంగా పనిచేసే రైతు సాధికార సంస్థ వాళ్ల పేర్లూ ఉన్నాయి. ప్రకృతి సేద్యాన్ని ఊరూరా నడిపిస్తున్న సంస్థే, దాన్ని తూకం వేసేవాళ్ల పక్కనా కూర్చుందన్నమాట. తప్పని అనను. గుర్తుపెట్టుకుని చదవాలి, అంతే.

ఆంధ్రప్రదేశ్‌లోని 6 జిల్లాల్లో 28 పొలాలు, 3 పంటకాలాలు. ఈ కొసనుంచి ఆ కొసకి 800 కిలోమీటర్ల పైమాటే. మూడు రకాల సేద్యాన్ని పోటీకి పెట్టారు. ఒకటి రసాయన ఎరువులు, పురుగుమందులతో. రెండోది సేంద్రియం: కొని తెచ్చిన పశువుల ఎరువు, వర్మీకంపోస్టు. మూడోది ప్రకృతి సేద్యం: నాటు ఆవు పేడ, మూత్రంతో ఇంట్లో కలుపుకున్న ద్రావణాలు, ఆపైన నేలంతా గడ్డి కప్పు.

క్వింటాళ్లలో పండే పంటనీ టన్నుల్లో పండేదాన్నీ ఒకే తక్కెడలో వెయ్యడమెలా? తెలుగులో 80, లెక్కల్లో 60 తెచ్చుకున్న పిల్లాడు దేంట్లో మెరుగో చెప్పాలంటే క్లాసు సగటు చూస్తాం కదా, అదే పద్ధతి. దిగుబడి సగటుకి ఎంత పైన, ఎంత కింద అని లెక్కగట్టారు. ప్రకృతి సేద్యం 0.58 పైన. రసాయన సేద్యం 0.24 కింద. సేంద్రియం 0.34 కింద, అంటే అన్నిటికన్నా అడుగున! ఇవి బస్తాలు కావు సుమా, గణాంకాల కొలతలు. పైగా ఫలితం జిల్లానిబట్టి, పంటనిబట్టి మారిందని వ్యాసమే చెబుతోంది. మిరప రైతు గీత గీసుకోవాల్సిన వాక్యం అది.

ఎందుకు పండింది? పేరు డ్రమ్ముకి రాలేదు. గడ్డి కప్పడం వల్ల నేల చల్లబడి, చెమ్మ నిలిచి, వానపాములు పెరగడమే కారణం కావచ్చని తేల్చారు. పోషకాల్లో చాలావాటి విషయంలో రసాయన సేద్యానికీ ప్రకృతి సేద్యానికీ తేడా కనబడలేదు. అది కూడా చిన్న సంగతేం కాదు, యూరియా బస్తా విప్పకుండానే కదా!

నన్ను ఆపేసిన మాట ఇంకొకటుంది. మూడింట్లోనూ దుక్కి లేదు. రసాయన సేద్యం చేసిన చోట కూడా దున్నలేదు! పల్నాడు నల్లరేగడిలో పత్తి వేసే ఏ రైతుకైనా ఈ ముక్క చదివి వినిపించండి. వేసవి దుక్కి, ఆ తర్వాత గొర్రు, గుంటక... ఇవేవీ లేని సేద్యాన్ని ‘మీ మామూలు సేద్యం’ అంటే ఆయన ఒప్పుకుంటాడా? ఒక్కదానికే గడ్డి కప్పి, మిగతా రెండింటినీ ఎండకి వదిలేసి పోటీ పెడితే గెలిచింది మనిషా, గొడుగా?

గడ్డి ఎక్కణ్ణుంచి వస్తుందన్నది ఊళ్లో అడగాల్సిన మరో ప్రశ్న. డెల్టాలో వరిగడ్డి ఉంటుంది, మెట్టలో ఉన్న కాస్తా గేదెల నోటికే చాలదు. పత్తి కట్టె పొయ్యిలోకో మంటలోకో పోతుంది. తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి పచ్చటి కప్పు లేపడం రైతు సాధికార సంస్థ చెప్పే జవాబు. నాకైతే ద్రావణాలకన్నా ఈ చల్లుడే ఆసక్తిగా ఉంది.

చరిత్ర గబగబా: 1922లో గుంటూరు పక్కన లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం; 1980ల చివర ప్రకాశం పత్తిని ఊడ్చేసిన తెల్లదోమ, రైతుల ఆత్మహత్యలు; 2000ల్లో ఖమ్మం జిల్లా పునుకుల నుంచి పాకిన పురుగుమందుల్లేని సేద్యం, దాని వెనక మహిళా సంఘాలు; 2016 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం; 2019లో అది రుజువుకాని పద్ధతంటూ జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ అభ్యంతరం; 2024లో దానికే పోర్చుగల్ వాళ్ల గుల్బెంకియన్ బహుమతి.

ముఖచిత్రానికి నేను పంపింది వానపాము ఫొటో. వేస్తారో లేదో ఆదివారం మీరే చూస్తారు.

జీవామృతం, ఎకరానికి
200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టు మీది మట్టి గుప్పెడు. నీడలో ఉంచి కలుపుతుండాలి.

పై ముడత, కింది ముడత
మిరపాకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. రైతుల నోట నలిగిన ఈ పేర్లే శాస్త్రవేత్తల కరపత్రాల్లోనూ ఉంటాయి. 2021లో తోటల్ని మాడ్చిన నల్ల తామర వేరే జాతి, మన దేశంలో 2015లో బొప్పాయి మీద తొలిసారి కనబడింది. దానికి ముడత పేరు కుదరలేదు. అది నేరుగా పూతలో దూరి కూర్చుంటుంది.