మీటర్ బోర్డు పోయిందా? రీడింగ్ ఎంత పెట్టమంటారు?

పోయిన నెల మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో కొన్న కారు మీటర్ బోర్డు డెడ్ అయింది. మెకానిక్ వేరే బండిది తెచ్చి వేస్తా అంటున్నాడు. రీడింగ్ ఎంత పెట్టమంటావు అని నన్నే అడుగుతున్నాడు" అన్నాడు. ఆ చివరి ప్రశ్న గురించే ఈ ఎపిసోడ్.

ముందు రిపేరు సంగతి. బోర్డు మార్చాలి అనగానే తలూపకండి. ముల్లులు, డిస్‌ప్లే, లైట్లు అన్నీ ఒకేసారి పోతే మొదట ఫ్యూజు, ఎర్త్ వైరు, వెనకాల సాకెట్ చూపించండి. స్పీడు ముల్లు లేవట్లేదు, కిలోమీటర్లూ పెరగట్లేదు, మిగతావి బాగానే ఉన్నాయంటే స్పీడ్ సెన్సర్ మీద అనుమానపడాలి. డాష్‌బోర్డు మీద తడితే డిస్‌ప్లే వెలిగి మళ్లీ ఆరిపోతోందా? లోపల సోల్డరింగ్ ఎక్కడో వదిలేసి ఉండొచ్చు. ఎలక్ట్రానిక్స్ తెలిసినవాడు మళ్లీ సోల్డర్ పెడితే చాలు. మీ బోర్డు మీకే ఉంటుంది, రీడింగూ కదలదు. మా తమ్ముడికి ముందు ఇదే ట్రై చేయించమన్నా.

ఇప్పుడు అసలు విషయం. డిజిటల్ మీటర్‌లో రీడింగ్ అంటే మెమరీలో దాచిన ఒక నంబర్, అంతే. చాలా కార్లలో అది ఈఈప్రామ్ అనే చిన్న చిప్‌లో ఉంటుంది. అందుకే బ్యాటరీ పీకేసినా పోదు. కోడ్ రాసేవాళ్లకి ఒక సరదా పాయింట్: ఆ చిప్‌లో ఒకే చోట ఇన్నిసార్లే రాయగలం అని లిమిట్ ఉంటుంది. కాబట్టి నంబర్‌ని చోట్లు మార్చి మార్చి రాస్తారు.

సరే, నంబర్ కాబట్టి మార్చొచ్చు. వేరే బండి బోర్డు వేస్తే ఆ బండి కిలోమీటర్లే కనిపిస్తాయి. పాత చిప్‌లోని డేటాని కొత్త బోర్డుకి ఎక్కించి, నిజంగా తిరిగిన కిలోమీటర్లే పెట్టడం రిపేరు. 90,000 తిరిగిన బండికి 40,000 పెట్టి అమ్మడం మోసం. భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318వ సెక్షన్ ఉంది. రెండు పనులకీ వాడే టూల్ మాత్రం ఒక్కటే!

పాత రీడింగ్ ఎక్కించడం కుదరకపోతే? అమెరికాలో దీనికి ఫెడరల్ చట్టమే ఉంది. మీటర్‌ని సున్నా చేసి, పాత రీడింగ్, రిపేరు తేదీ రాసిన నోటీసు ఎడమ డోర్ ఫ్రేమ్‌కి అంటించాలి. అక్కడ యూజ్డ్ కారు కొనే మన స్టూడెంట్స్ డోర్ తీసి ఒకసారి అక్కడ చూడండి. ఇక్కడున్నవాళ్లు కనీసం బిల్లు మీద బండి నంబర్, తేదీ, పాత రీడింగ్, కొత్త రీడింగ్ రాయించుకోండి. ఫొటో కూడా తీసుకోండి. రేపు మీరు అమ్మేటప్పుడు "మీటర్ తిప్పావా?" అని ఎవరైనా అడిగితే చూపించడానికి అదే ఆధారం.

కొనేవాళ్ల విషయానికొస్తే, మీటర్‌ని నమ్మొద్దు, కాగితాలని నమ్మండి. పాత సర్వీస్ బిల్లుల్లో రీడింగ్ ఎప్పుడూ పెరుగుతూనే ఉండాలి. కొన్ని కార్లలో ఇంజిన్ కంప్యూటర్ లాంటి వేరే చోట్ల కూడా కిలోమీటర్లు సేవ్ అవుతాయి. మంచి స్కానర్ ఉన్నవాళ్లతో చెక్ చేయించండి. టైరు మీద డాట్ కోడ్ చివర 1120 అని ఉంటే అది 2020లో 11వ వారం తయారైంది. 2017 మోడల్ కారు, రీడింగ్ 25,000, కానీ నాలుగు టైర్లూ 2020వి. ఎందుకు మార్చారో అడగాలా వద్దా? పంక్చర్, యాక్సిడెంట్, ఏదైనా కావొచ్చు. అడగండి, సమాధానం చెప్పేటప్పుడు మొహం చూడండి.

ఇంకొకటి, ఇది రీడింగ్ కన్నా ముఖ్యం. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేయండి. ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. ఆరకపోతే ఫాల్ట్ ఉంది. అసలు వెలగకపోతే ఇంకా డేంజర్, ఎవరో ఆ బల్బు తీసేసి ఉండొచ్చు. మీటర్ బోర్డు విప్పి రిపేరు చేయించిన రోజు మీ సొంత కారుకి కూడా ఈ టెస్ట్ చేసుకుని, ఆ తర్వాతే డబ్బులివ్వండి.