సంక్రాంతి దానమునకు శ్రావణములో విత్తు

మకర సంక్రమణ పుణ్యకాలమున గుమ్మడికాయ దానము చేయుట మన తెలుగునాట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. పండుగ ముందునాడు అంగడిలో వెల ఇచ్చి తెచ్చిన కాయను దానము చేసినను ఫలమునకు లోటు లేదు. అయినను మన పెరటి పాదున కాసిన కాయను మన చేతులతో కోసి ఇచ్చినప్పటి తృప్తి వేరు. ఆ తృప్తిని కోరిన భక్తులు కొందరు నన్ను తరచుగా అడుగు ప్రశ్న ఒక్కటే: “ఏటా విత్తనాలు పెడుతూనే ఉన్నామండీ, మొలవవేం పంతులుగారూ?” ఆ ప్రశ్నకు నేను నష్టపడి నేర్చుకొనిన సమాధానమును ఇక్కడ విన్నవించుచున్నాను.

ముందుగా ఒక మాట. మన ప్రాచీన గ్రంథములలో కూష్మాండమనగా బూడిద గుమ్మడియే. పసుపుపచ్చని కండగల తీపి గుమ్మడి అమెరికా ఖండమునుండి వచ్చి మన పెరళ్ళలో స్థిరపడినది. ఇళ్ళలో రెండును దానమిచ్చుట కలదు. ఇందు చెప్పు పద్ధతి రెండింటికిని సరిపోవును. బూడిద గుమ్మడి మొలకెత్తుటకు మరికొన్ని దినములు ఓపిక పట్టవలెను, అంతే భేదము.

కాలనిర్ణయము

తీపి గుమ్మడి విత్తినది మొదలు కాయ ముదురుటకు సుమారు 100 నుండి 120 దినములు పట్టును. సంక్రాంతి జనవరి 14న గాని 15న గాని వచ్చును. వెనుకకు లెక్కించి కొంత వెసులుబాటు ఉంచుకొనినచో శ్రావణమాసమున, అనగా ఇంచుమించు ఆగస్టులో, విత్తు పడవలెను. ముదిరిన కాయను తొడిమతో కోసి గాలి తగులు నీడపట్టున ఉంచిన కొన్ని నెలలు నిలువయుండును గనుక, కాయ ముందుగా చేతికి వచ్చినను చింత లేదు.

చిక్కు అంతయు వర్షముతోనే. శ్రావణమున నేల తడి ఆరదు. గుమ్మడి విత్తు మొలకెత్తుటకు నీరెంత అవసరమో గాలియు అంతే అవసరము. నీరు నిలిచిన మట్టిలో గాలి ఆడక విత్తు లోలోపల కుళ్ళును. అందువలన మొదటి పక్షము దినములు విత్తును వసారాలో చూరుక్రింద మొలకెత్తించి, పిదప పాదున నాటుట మేలు.

ఇది నాకు మొదట తెలియదు. మా అమ్మగారి కాలమునుండి మా ఇంట ఒక గుమ్మడి వంగడము వచ్చుచున్నది. నా సహధర్మచారిణి ఆ గింజలను పొడి బూడిదలో కలిపి ఒక డబ్బాలో దాచెడిది. ఒక శ్రావణమున నేను పన్నెండు గింజలు నేరుగా పాదులో పెట్టితిని. ఆరు దినములు ముసురు విడువలేదు. ఒక్కటియు మొలవలేదు. ఆమె డబ్బా తెచ్చి నా ముందుంచి, “అత్తగారి విత్తనాలు ఇక ఏడే ఉన్నాయండీ” అని మాత్రము అన్నది. ఆనాటినుండి వసారాను ఆశ్రయించితిని.

విత్తనము

పూర్తిగా పండిన కాయనుండియే గింజ తీయవలెను. వరాహమిహిరుని బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయము విత్తునకు పాలు, గోమయము మొదలగువానితో సంస్కారము చెప్పినది. కృషిపరాశరము మాఘ ఫాల్గుణములలో విత్తనములు సేకరించి, ఎండబెట్టి, నేల తగులకుండ దాచుమన్నది. సంక్రాంతి కాయను మాఘమున తరిగిన ఇల్లాలు గింజలు కడిగి చేటలో ఆరబెట్టుట ఈ మాటకు సరిగా అమరుచున్నది. గుల్లగా ఉండి వ్రేళ్ళ మధ్య నొక్కినంతనే అణగు గింజను విడువుడు. నిండుగా, గట్టిగా ఉన్నదానిని ఒక రాత్రి గోరువెచ్చని నీటిలో నానబెట్టిన చాలును. పాలతో తడిపిన విత్తునకు వసారాలో చీమలు పట్టును గనుక నేను మంచినీటినే వాడుచున్నాను.

దొప్ప, మట్టి

గుమ్మడి వేరు కదలికను సహింపదు. కావున మొక్కతోపాటు నేలలోనే పాతిపెట్టదగిన పాత్ర కావలెను. మోదుగాకు దొప్పలు ఇందుకు మిక్కిలి అనుకూలము. ప్రసాదము తిని విడిచిన దొప్ప ఉచ్ఛిష్టము, దానిని తీసికొనరాదు. క్రొత్త దొప్పలలో లోతైనవి ఏరి, రెండింటిని ఒకదానిలో నొకటి ఉంచి, అడుగున చీపురుపుల్లతో మూడు నాలుగు రంధ్రములు చేయుడు. తోటమన్ను, ఇసుక, బాగుగా చివికిన పశువుల ఎరువు సమపాళ్ళుగా కలిపి నింపుడు. పచ్చిపేడ వేసిన లేతవేరు మాడిపోవును.

గింజను ఒక అంగుళము లోతున అడ్డముగా పడుకొనబెట్టుడు. ఇందులో ఒక సృష్టిరహస్యమున్నది. వేరు వెలువడు చోట కాడ అడుగున చిన్న కొక్కెము వంటి బుడిపె పుట్టి, గింజ పెంకును క్రిందికి అదిమి పట్టును. అప్పుడు వంగిన కాడ పైకి లేచుచు బీజదళములను పెంకులోనుండి లాగుకొనును. గింజ పడుకొని ఉన్నప్పుడు ఈ పని సుఖముగా జరుగును. ఒకప్పుడు పెంకు ఆకులమీదనే టోపీవలె నిలిచిపోవును. దానిని గోటితో పెరికిన ఆకు చినుగును. తడిగుడ్డతో ఒకటి రెండుమారులు అద్ది మెత్తబరచిన తానే జారును.

ఎలుకలకు, ఉడుతలకు ఈ గింజ మిక్కిలి ప్రీతి. మొలక వచ్చువరకు రాత్రివేళ దొప్పలపై గంప బోర్లించి, దానిమీద ఒక రాయి పెట్టవలెను.

నీరు

ఏడు గింజలలో మూడింటిని మొదట దొప్పలలో పెట్టి, ఉదయము సంధ్యావందనము కాగానే ఒకమారు, సాయంకాలమొకమారు భక్తితో నీరు పోసితిని. ఆ మూడును కుళ్ళినవి. మన ఆలయ పూలతోటను చూచు తోటమాలి మట్టిలో వ్రేలు పెట్టి చూచి, “పంతులుగారూ, ఆకలి లేని బిడ్డ నోట్లో ఉగ్గు పోస్తూ కూర్చుంటే ఉక్కిరిబిక్కిరి అవదాండీ?” అనెను. అంతటి పాఠము నాకు ఏ పాఠశాలలోను దొరకలేదు.

విత్తిన దినమున ఒకమారు బాగుగా తడుపుడు. తరువాత పైమట్టి పొడిగా తోచినప్పుడు మాత్రమే, దొప్పను నీళ్ళ పళ్ళెములో పావుగంట ఉంచి తీసిన చాలును. అతిగా తడిసినచో మొలిచిన మొక్కకును అపాయమే. కాడ మట్టి మట్టమున దారమువలె సన్నగిల్లి ఒరిగిపోవును. దీనిని నారుకుళ్ళు అందురు. ఒరిగిన దానిని రక్షింపలేము. మిగిలిన వానికి నీరు తగ్గించి గాలి తగులనీయవలెను.

వెలుతురు

అయిదు మొదలు ఎనిమిది దినములలో మొలక కనబడును. ఆనాడే దొప్పలను తూర్పు ఎండ తగులు చోటికి జరుపుడు. చీకటి మూలనున్న మొలక వెలుతురును వెదకుచు సన్నగా సాగి, తన బరువు తానే మోయలేకపోవును. రోజునకొకమారు దొప్పను కొంచెము త్రిప్పిన కాడ తిన్నగా నిలుచును.

పాదున నాటుట

బీజదళముల పిదప గరుకైన అసలు ఆకు ఒకటి విచ్చి రెండవది తొంగిచూచునప్పటికి నాటవలెను. ఇంకను ఆలస్యమైన వేళ్ళు దొప్పలో చుట్టలు చుట్టుకొనును. నాటుటకు ముందు నాలుగైదు దినములు మొక్కను దినదినము కొంచెము హెచ్చుగా ఎండకు, గాలికి అలవాటు చేయుడు. పాదును నేలకంటె జానెడు ఎత్తుగా కట్టి, మబ్బు పట్టిననాడు గాని సాయంవేళ గాని, దొప్ప అడుగు చీల్చి దొప్పతోసహా నాటుడు. వేరును చేతితో తాకవద్దు. పాదునకు రెండు మొక్కలు చాలును.

తీగపై మొదట వచ్చునవి మగపూవులు. అవి రాలిపోయినవని దిగులు చెందనక్కరలేదు. ఆడపూవు క్రింద చిన్న పిందె కనబడును. ధనుర్మాసమున గొబ్బెమ్మలకు పూలు కోయు ఆడపిల్లలకు ఈ భేదము చెప్పి, సన్నని కాడగల మగపూవులనే కోయుమనుడు.

చలిదేశములలోనున్న మన భక్తులకు ఒక సూచన. అక్కడ శత్రువు వర్షము కాదు, మంచు. మంచు భయము తీరు వేళకు రెండు మూడు వారములు ముందుగా ఇంటిలోపల వెచ్చని చోట ఇదే విధముగా మొలకెత్తించి, నేల వెచ్చబడిన తరువాత బయట నాటుకొనవచ్చును.

మిగిలిన నాలుగు గింజలను తోటమాలి చెప్పినట్లు పెట్టితిని. మూడు మొలిచినవి, రెండు పాదున నిలిచినవి. ఆ సంక్రాంతికి అయిదు కాయలు కాసినవి. నాలుగింటిని దానమిచ్చితిమి. అయిదవదానిని మాఘమున తరిగి, గింజలు ఆరబెట్టి, ఆమె మరల డబ్బా నింపినది. దానమిచ్చు గృహస్థు వచ్చే ఏటికి విత్తు మిగుల్చుకొనుట లోభము కాదు, మరల ఇచ్చుటకు చేసికొను ఏర్పాటు. భక్తులందరి పాదులు ఫలించుగాక.

స్వస్తి.