పది సెకన్లు, ముప్పై మాటలు: చిన్న వ్యాపారి హోమ్ పేజీకి అంకెల లెక్క

సర్జికల్ దూదికి ఔషధ ప్రమాణాల్లో ఒక పరీక్ష ఉంది. రాగి తీగ బుట్టలో 5 గ్రాముల దూది పెట్టి నీటి మీద వదులుతారు. అది 10 సెకన్లలోపు మునగాలి. ఆపైన గ్రాము దూది కనీసం 23 గ్రాముల నీటిని పట్టి ఉంచాలి. తమిళనాడులోని రాజపాళయంలోనూ, పక్కనున్న సత్తిరపట్టిలోనూ దూది, బ్యాండేజీ గుడ్డ తయారుచేసేవాళ్లకు ఇలాంటి కొలతలు కొట్టిన పిండి. పడుగు ఎన్ని పోగులు, పేక ఎన్ని పోగులు, చదరపు మీటరు ఎన్ని గ్రాములు తూగుతుంది అని అడిగితే తడుముకోకుండా చెబుతారు. అలాంటి మనిషి కూడా వెబ్‌సైట్ పెట్టించుకునే సరికి ‘నాణ్యతే మా ప్రాణం, కస్టమరే మా దేవుడు’ అనే వాక్యం దగ్గర ఆగిపోతాడు.

2011 జనాభా లెక్కల్లో రాజపాళయం సుమారు 1.3 లక్షల మంది ఉన్న పట్టణం. 1936లో పి.ఎ.సి. రామసామి రాజా ఇక్కడ రాజపాళయం మిల్స్ స్థాపించారు. పెద్ద మిల్లుల సంగతి వేరు. పది, పదిహేను మరమగ్గాలతో నడిచే యూనిట్‌కు ఊళ్లో ఉన్న పేరే పెట్టుబడి. ఫలానా వారి అబ్బాయి అంటే అప్పు పుడుతుంది, సరుకు కదులుతుంది. విజయవాడలో ఆసుపత్రికి కొనుగోళ్లు చూసే ఉద్యోగికి ఆ పేరు తెలియదు. ఆయనకు తెలిసేది ఫోన్ తెర మీద కనబడే నాలుగు వాక్యాలే. అక్కడ విశేషణం పనిచేయదు, కొలత పనిచేస్తుంది. ఎందుకో అంకెల్లోనే చూద్దాం.

10 సెకన్లు

కొత్త పేజీ తెరిచినవాళ్లు చాలాసార్లు 10 నుంచి 20 సెకన్లలోపే వెళ్లిపోతారని వెబ్‌సైట్ల వాడుకను పరిశోధించే నీల్సన్ నార్మన్ గ్రూప్ 2011లో రాసింది. ఆ కాసేపట్లో తమకు పనికొచ్చేది కనబడితే ఇంకా ఎక్కువసేపు నిలుస్తారు. కథలు కాని రచనను మౌనంగా చదివేటప్పుడు ఇంగ్లిష్ పాఠకుడి సగటు వేగం నిమిషానికి 238 పదాలని 2019లో ఒక విస్తృత సమీక్ష తేల్చింది. అంటే 10 సెకన్లకు సుమారు 40 పదాలు. తెలుగులో విభక్తులు పదానికే అతుక్కుంటాయి, మాట పొడవవుతుంది. అందుకని 30 మాటలకు సర్దుకోవడం క్షేమం.

28 శాతం

పేజీలో ఉన్నదంతా చదువుతారన్న ఆశ వద్దు. 45,237 పేజీ సందర్శనల సమాచారాన్ని 2008లో ఆ గ్రూప్ సహ వ్యవస్థాపకుడు జేకబ్ నీల్సన్ విశ్లేషించారు. జనం ఒక పేజీ మీద గడిపే సమయంలో మహా అయితే 28 శాతం మాటలు చదవగలరు, వాస్తవానికి 20 శాతం దగ్గరే ఆగుతారని ఆయన అంచనా. మీ పేజీలో 600 మాటలుంటే చదివేది 120 నుంచి 168. ఆ 120 ఏవో మీరు ఎంచకపోతే చదివేవాడి కళ్లు ఎంచుకుంటాయి. వాటిలో తాతగారి స్థాపన కథ ఉండి, సరుకు పేరు లేకపోవచ్చు.

124 శాతం

అన్నిటికంటే పనికొచ్చే లెక్క ఇదే. 1997లో నీల్సన్, జాన్ మోర్క్స్ కలిసి అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్ర పర్యాటకం మీద ఒకే సమాచారాన్ని ఐదు రకాలుగా రాయించి, 51 మందిచేత వాడించి చూశారు. మొదటిది మామూలు ప్రచార భాష. మాటల్ని సగానికి తగ్గిస్తే పేజీ వాడుక సౌలభ్యం 58 శాతం పెరిగింది. కంటికి ఆనేలా జాబితాగా విడగొడితే 47 శాతం. గొప్పలు తీసేసి ఉన్నది ఉన్నట్టు రాస్తే 27 శాతం. మూడూ కలిపితే 124 శాతం. ప్రయోగం పాతది, పాఠకులు ఇంగ్లిష్ చదివేవాళ్లు, కాబట్టి అంకె మనకు అచ్చంగా అలాగే రావాలని లేదు. కానీ గొప్పలు చదవడానికి ఎవరికీ తీరిక ఉండదన్న సంగతి మాత్రం మన దగ్గరా అంతే.

ఒక యూనిట్‌ను ఊహించుకుని రాసి చూద్దాం. మామూలుగా కనబడే రాత: ‘మూడు తరాల అనుభవంతో, అత్యాధునిక యంత్రాలతో, అంతర్జాతీయ స్థాయి నాణ్యతతో వైద్య రంగానికి విశిష్ట సేవలందిస్తున్న అగ్రగామి సంస్థ.’ ఇందులోంచి సంస్థ పేరు తీసేసి ఇంకో సంస్థ పేరు పెట్టినా తేడా తెలియదు. ఇప్పుడు ఇది చూడండి:

‘ఆసుపత్రులకు, మందుల టోకు వ్యాపారులకు గాజ్ తాన్లు, బ్యాండేజీ చుట్టలు. రాజపాళయంలో మా సొంత మరమగ్గాల మీద నేసి పంపుతాం. కనీస ఆర్డర్ 100 తాన్లు. డబ్బు అందిన 4 పని దినాల్లో లారీకి ఎక్కిస్తాం. ధర కోసం వాట్సాప్ చేయండి.’

సరిగ్గా 30 మాటలు. ఎవరికి, ఏమిటి, ఎక్కడిది, ఎంత, ఎన్నాళ్లకు, తర్వాత ఏం చేయాలి అన్న ఆరు ప్రశ్నలకూ జవాబు దొరికింది. ‘మూడు తరాలు’ అన్నచోట మొదలుపెట్టిన సంవత్సరం వేస్తే చాలు. ‘అంతర్జాతీయ స్థాయి’ అన్నచోట పోగుల లెక్క, గ్రాముల బరువు, వైద్య పరికరాల నిబంధనలు, 2017 కింద వచ్చిన తయారీ లైసెన్సు నంబరు వేయాలి. కొనేవాడు వాటిని సరిచూసుకోగలడు. విశేషణాన్ని సరిచూసుకోవడానికి దారి లేదు.

57 శాతం

ఏది ముందు, ఏది వెనక అన్నదానికీ లెక్క ఉంది. 2018లో నీల్సన్ నార్మన్ గ్రూప్ 120 మంది చూపుల్ని పరిశీలిస్తే, పేజీ మీద గడిపిన సమయంలో 57 శాతం జరపకుండా కనబడే మొదటి తెరకే ఖర్చయింది. రెండో తెరతో కలిపితే 74 శాతం. కాబట్టి పైన చెప్పిన 30 మాటలు, సరుకు ఫోటో ఒకటి, ఫోన్ నంబరు మొదటి తెరలో ఉండాలి. రకాలు, సైజులు, లైసెన్సులు, రవాణా ఏర్పాట్లు రెండో తెరలో పట్టికగా ఉండాలి. సంస్థ చరిత్ర, ఛైర్మన్ సందేశం వేరే పేజీకి పోవచ్చు.

3 సెకన్లు

పేజీ తెరుచుకోవడానికి 3 సెకన్లు దాటితే మొబైల్ సందర్శనల్లో 53 శాతం అక్కడితోనే ముగుస్తాయని గూగుల్ 2016లో ప్రకటించింది. ఆలస్యానికి కారణం సాధారణంగా రాత కాదు. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు. 200 మాటలకు సుమారు 2,000 సంకేతాలనుకుంటే మొత్తం 6 కిలోబైట్లు. ఫోన్‌తో తీసి అలాగే ఎక్కించిన 3 మెగాబైట్ల మిల్లు ఫోటో దానికి 500 రెట్లు. అలాంటివి ఐదు వరుసగా జరిగే బ్యానర్ పెడితే మాటలు బయటపడేలోపే మనిషి వెళ్లిపోతాడు.

10 లక్షలు

గొప్పలకు చట్టం వేసే వెల కూడా ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 దృష్టిలో వెబ్‌సైట్ మీద రాసిందీ ప్రకటనే. తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. ‘దేశంలో నంబర్ వన్’ అని రాసేముందు రుజువు చేతిలో ఉండాలి. ఆ పేజీ మీదే నేరుగా అమ్మే సంస్థకు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు వర్తిస్తాయి. చట్టబద్ధమైన పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు కనబడాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పి, నెలలోగా పరిష్కరించాలి.

ఏ భాషలో?

రాజపాళయంలోని రాజు కులస్థుల ఇళ్లలో మాట్లాడేది తెలుగు, బజారులో తమిళం, బిల్లు మీద ఇంగ్లిష్. పేజీ భాషను తేల్చేది కొనేవాడు. ఆసుపత్రుల కొనుగోళ్లకు ఇంగ్లిష్ సరిపోతుంది. ఆంధ్ర, తెలంగాణల్లోని మందుల దుకాణాలే గిరాకీ అయితే ఇంటి భాషే వ్యాపారానికి పనికొస్తుంది. మూడు భాషల్ని ఒకే వాక్యంలో కలపకుండా, పైన మూడు మీటలు పెట్టి మూడు పేజీలు విడిగా రాయాలి.

రాత పూర్తయ్యాక నూలు వ్యాపారంతో సంబంధం లేని ఒకరికి మొదటి తెరను 5 సెకన్లు చూపించి ఫోన్ వెనక్కి తీసుకోండి. ఏం అమ్ముతున్నారు, ఎవరికి, కొనాలంటే ఏం చేయాలి అని అడగండి. ఏ ఒక్కదానికి జవాబు రాకపోయినా రాతను మళ్లీ పట్టాలి. ఆపైన అంకె మారిన రోజే పేజీ మారాలి. కనీస ఆర్డర్ 200 తాన్లకు పెంచి, పేజీ మీద 100 అనే ఉంచితే కొత్త కస్టమర్‌తో మొదటి ఫోన్ సంభాషణే వాదనతో మొదలవుతుంది.