మౌనం కింద సంతకం ఉండదు

మద్దికెర మండల కార్యాలయంలో సమాచారం కోరడానికి 2005 నాటి రాష్ట్ర నిబంధనల ప్రకారం రుసుము అయిదు రూపాయలు. గ్రామస్థాయిలో అదీ లేదు. సమాచార హక్కు పేదవాడికి అందకుండా పోతున్నది ధర వల్ల కాదు, కాలం వల్ల. వివాదమంతా అక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

చట్టం అధికారికి 30 రోజులిచ్చింది. ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించిన సంగతైతే 48 గంటలు. గడువులో జవాబు రాకపోతే నిరాకరించినట్టే లెక్క అంటుంది 7వ సెక్షన్. రచయితలు ఆగి చూడవలసిన మాట ఇది. ఆఫీసు మౌనానికి ఇక్కడ 'ఇవ్వం' అనే అర్థం ఉన్నది. కాని ఆ మాట కింద ఎవరి సంతకమూ ఉండదు.

ఆపైన మొదటి అప్పీలు: 30 రోజులు, మహా అయితే 45. రెండోది రాష్ట్ర సమాచార కమిషన్‌కు. రోజుల లెక్క ఇక్కడ ఆగిపోతుంది. కమిషన్ ఎన్నాళ్లలో తేల్చాలో చట్టం చెప్పలేదు. కింది అధికారి చేతికి గడియారం కట్టి, పైమెట్టు మీద కూర్చున్నవాణ్ణి వదిలేసింది.

ఆ పైమెట్టు మీద అసలెవరూ లేకపోతే? కమిషన్లలో ఖాళీల మీద 2018లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఒక్క కమిషనరూ లేడు. ఖాళీ ఏర్పడక ముందే నియామకం మొదలుపెట్టాలని కోర్టు 2019 ఫిబ్రవరిలో చెప్పింది. అయినా తెలంగాణ కమిషన్ 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా కమిషనర్లు లేకుండానే గడిపింది. ఆలస్యానికి రోజుకు 250 రూపాయలు, 25,000 దాకా జరిమానా ఉన్నమాట నిజమే. ఆలస్యం సమంజసమేనని రుజువు చేసుకోవలసిన భారమూ అధికారిదే. కాని ఆ జరిమానా వేయవలసింది కూడా ఆ కమిషనే!

ఈ చట్టం పుట్టిన తావు గుర్తుంటే ఆలస్యం అర్థమవుతుంది. 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పంచాయతీ పనుల లెక్కలను ఊరి ముందు చదివించింది. ఎదురుగా కూర్చున్న కూలీలే సాక్షులు. మరి ఆదోని, మద్దికెర వైపు? వాన లేని ఏడు కూలీలు మిరప కోతలకు గుంటూరు పోతారు. మస్టరు నకలు ఏళ్లు గడిచి చేతికొస్తే, అందులో పేరున్నవాడు ఏ కళ్లంలో ఉంటాడో!

మన కథల్లో లంచగొండి గుమాస్తా చాలాసార్లు వచ్చాడు. జవాబే ఇవ్వని ఆఫీసు వచ్చింది తక్కువ. 'పరిశీలనలో ఉన్నది' అనే వాక్యంలో కర్త ఎవరో సాహిత్య విద్యార్థి అయినా అడగాలి కదా. అన్నట్టు, గడువు దాటాక ఇచ్చే సమాచారానికి పైసా తీసుకోరాదని కూడా ఆ 7వ సెక్షనే అంటున్నది.