దురద తీర్చిన రాయి

వాల్ మరీకి వెళ్లే దారిలో చూడ్డానికంటూ ఏమీ ఉండదు. పైన ఆకాశం, కింద గడ్డి. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రానికి దక్షిణపు అంచున, అమెరికా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న ఈ ఊళ్లో జనం రెండు వందలైనా లేరు. ఫ్రెంచిలో ఆ పేరుకు మరియమ్మ లోయ అని అర్థం. దూరం నుంచే కంటికి ఆనేది పాత చెక్క ధాన్యపు గాదె.

లోయలో పారేది ఫ్రెంచ్‌మన్ నది. ఈ ప్రేరీ గడ్డిమైదానాల నదుల్లో చాలావరకు హడ్సన్ అఖాతం దారి పడతాయి. ఇది మాత్రం మొండిగా దక్షిణానికి తిరిగి, మిల్క్ నదిలోను, ఆపైన మిస్సోరిలోను కలిసి, చివరికి మెక్సికో సింధుశాఖకు చేరుతుంది. ఇంత సన్నని ఏరు అంత వెడల్పాటి లోయను తవ్విందా? తవ్వింది ఇది కాదు, మంచుయుగం చివర్లో కరిగిన హిమానీనదాల వరద. ఉత్తరాది నుంచి మోసుకొచ్చిన బండల్ని ఆ మంచే ఇక్కడ దించేసి పోయింది.

అలాంటి బండ ఒకదాన్ని చేత్తో తడిమి చూడండి. నడినెత్తిన గరుకు, నాచుమచ్చలు. మూలలు మాత్రం దంచి దంచి అరిగిన రోకలంత నున్నన. చెట్టన్నదే లేని నేల మీద బైసన్లకు ఒళ్లు రుద్దుకోవడానికి దొరికినవి ఈ రాళ్లే. మన గేదెకు గుంజ ఎలాగో, వాటికి ఈ బండ అలాగ. మంద మీద మంద వచ్చి తొక్కిన చోట రాయి చుట్టూ నేల గుంటపడింది. వేటగాళ్ల తుపాకులకు 1880ల నాటికి ఆ మందలు మాయమయ్యాయి. గుంట మాత్రం పూడలేదు.

1857 నుంచి 1860 దాకా ఈ ప్రాంతాలు తిరిగిన జాన్ పాలిసర్, ఇది సేద్యానికి పనికిరాని ఎండు నేల అని తేల్చాడు. ఇరవై ఏళ్ల తర్వాత వృక్షశాస్త్రవేత్త జాన్ మకూన్ వచ్చి, గోధుమకు భేషైన నేల అన్నాడు. పాపం, ఆయన చూసినవి వానలు దండిగా పడిన సంవత్సరాలు! ఆ మాట నమ్మి నాగలి పట్టినవాళ్ల పొలాలు 1930లలో దుమ్మై లేచిపోయాయి. నాగలి దిగనిచోట పాతగడ్డి బతికింది.

ఆ గడ్డి చలవే ఇవాళ్టి గ్రాస్‌లాండ్స్ నేషనల్ పార్కు. కెనడా మొత్తంలో ప్రేరీ డాగులు స్వేచ్ఛగా బతికేది ఈ చుట్టుపక్కలే. పేరుకే కుక్క, నిజానికి ఉడుత కుటుంబం. బొరియ వాకిట రెండు కాళ్ల మీద నిలబడి, ఆకాశంలో డేగ కనబడగానే మొరిగినట్టు అరుస్తుంది. ఒక్క అరుపుకి ఊరంతా నేలలోకి! అవి వదిలేసిన బొరియల్లో చిన్నచిన్న గుడ్లగూబలు కాపురం పెడతాయి.

2005 డిసెంబరులో ఎల్క్ ఐలాండ్ పార్కు నుంచి 71 బైసన్లను లారీల్లో ఇక్కడికి తెచ్చారు, ఎక్కువగా దూడలే. మరుసటి వసంతంలో మైదానంలోకి వదిలారు. పాతమంద తిరిగిన దారులు చూపించే పెద్దతల ఒక్కటీ వాటి వెంట లేదు. అయినా రాళ్లు దొరికాయి. ఆ నున్నటి మూలలకు ఇప్పుడు మళ్లీ గోధుమరంగు బొచ్చు అంటుకుంటోంది.