బుగ్గ వాచిందా? కారణం తెలుసుకోండి



"వేరుశెనగ పని అయిపోయాక చూపించుకుంటాం సిస్టర్" అంటూ మందుల షాపు మాత్రలతో పన్ను నొప్పిని నెట్టుకొచ్చేవారు నల్లమాడ చుట్టుపక్కల పల్లెల్లో చాలామంది ఉన్నారు. మాత్ర నొప్పిని అణచుతుందే గాని లోపలి చీమును తీసివేయదు.

వాపుకు ముఖ్య కారణాలు:

1. పుచ్చిన పన్ను: పుప్పి లోపలి నరం దాకా పోతే వేరు చివర చీము చేరుతుంది. నరం చచ్చిపోయాక నొప్పి ఒక్కసారిగా తగ్గవచ్చు. అది నయమైనట్టు కాదు.

2. జ్ఞానదంతం: 17 నుండి 25 ఏళ్ళ వయసులో వస్తుంది. చోటు చాలక సగమే మొలిస్తే, పైనున్న చిగురు కింద మెతుకులు చిక్కి కుళ్ళుతాయి. నోరు తెరవడం కష్టమవుతుంది.

3. చిగుళ్ళ జబ్బు: షుగరు అదుపులో లేనివారికి చీము త్వరగా పడుతుంది.

4. గవదబిళ్ళలు: చెవి ముందు, చెవి కింద వాస్తుంది. పిల్లలను వాపు మొదలైన తరువాత 5 రోజులు బడికి పంపకండి.

5. లాలాజల గ్రంథిలో రాయి: తినేటప్పుడు వాచి, తరువాత తగ్గుతుంది.

6. క్యాన్సర్: గుట్కా, ఖైనీ, వక్క నమిలేవారికి నొప్పి లేని గడ్డ గాని, 2 వారాలకు మానని పుండు గాని ఉంటే వెంటనే చూపించాలి.

చేయకూడనివి: బుగ్గకు వేడి కాపడం పెట్టకండి. సూదితో పొడవకండి. మాత్ర నలిపి చిగురుపై పెట్టకండి, చిగురు కాలుతుంది. గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలించి, డాక్టరుగారి దగ్గరకు రండి. పన్ను పీకిస్తే చూపు పోతుందన్న భయం నిజం కాదు.

ప్రమాద సూచనలు: వాపు దవడ కిందికి, మెడకు దిగడం, నాలుక పైకి లేవడం, ఉమ్మి మింగలేకపోవడం, ఊపిరి ఆడకపోవడం, కన్ను మూసుకుపోవడం, చలిజ్వరం. మెడకు దిగే ఈ వాపును 1836లో జర్మనీ వైద్యుడు లుడ్విగ్ వివరించారు. నేటికీ దానికి ఆయన పేరే ఉంది. ఎక్కువగా ఇది కింది దవడ వెనుక పళ్ళ నుండే మొదలవుతుంది. వాపు గొంతును మూసేస్తే గంటల్లో ప్రాణం పోవచ్చు. అప్పుడు తెల్లవారేదాకా ఆగక 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి వెళ్ళండి.

పన్ను చిన్నదే. దానిని నిర్లక్ష్యం చేసి, దేవుడిచ్చిన ప్రాణాన్ని పోగొట్టుకోకండి.

— నర్సింగ్ సూపరింటెండెంట్