క్రౌర్యమనగా నేమి?

మొన్న సాయంకాలము ఉస్మానియా విశ్వవిద్యాలయములో ఆర్ట్సు కళాశాల యెదుటి బాటను నడచి తార్నాకకు మరలి వచ్చుచుండగా, మల్కాజ్‌గిరిలో కాపురమున్న నా పూర్వశిష్యు డొకడు కనబడెను. అతని కొమార్తె పుట్టింటికి వచ్చి యాఱు నెలలైనదట. "పంతులుగారూ, అల్లుడు చేయి చేసికొన్నవాడు కాడు. అత్తవారు డబ్బు తెమ్మని అడుగుచుందురు, అంతే. ఈపాటిదానికి కోర్టువారు విడాకు లిత్తురా?" అని యడిగెను.

శ్రోతలారా! ఇరువది యేండ్ల క్రిందట ఇట్టి ప్రశ్నకే "కొట్టలేదు గదా, సర్దుకొమ్మనుము" అని చెప్పి యొక బాలికను నేనే అత్తవారింటికి మరలింపించితిని. ఆమె పడిన బాధ తరువాత విన్నాను. నన్ను మోసగించినది నిఘంటువు. అమరసింహుడు క్రూరశబ్దమును నృశంస, ఘాతుక శబ్దముల సరసన నిలిపినాడు. కావున నెత్తురు కనబడనిదే క్రౌర్యము లేదని నా పాండిత్యము.

మన పూర్వులును ఈ విషయమున ఉదారులు కారు. పరాశరుడు స్త్రీకి అన్యపతిని విధించిన యైదాపదలలో క్రౌర్యము లేదు. కౌటిల్యుడు పరస్పరద్వేషముచే విడిపోవచ్చునన్నాడు గాని, ధర్మవివాహములకు ఆ విడుదల లేదన్నాడు.

1955 నాటి హిందూ వివాహచట్టములో సైతము క్రౌర్యము వేఱు కాపురమునకే కారణము. అదియును, కలిసియుండిన హాని కలుగునను భయము న్యాయమైనదని తోచినప్పుడే. 1976 సవరణ ఆ భయపుమాటను తీసివేసి, క్రౌర్యమును విడాకులకే కారణము చేసెను. భార్యకెంతో భర్తకును అంతే. క్రౌర్యమన నిట్టిదని చట్టము నిర్వచింపలేదు. అది మంచిదే యనుకొందును.

ఇక మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టునుండి పైకి వెళ్లిన వ్యాజ్యమొకటి వినుడు. భర్త వైద్యుడు, భార్య శాస్త్రములో పై పట్టము పొందినది. తల్లిదండ్రులు కొన్ని వేలు అడిగిన తప్పేమి, అది లోకములో నున్నదే యని భర్త స్వయముగా ఉత్తరము వ్రాసెను. అయినను క్రింది న్యాయస్థానమును, హైకోర్టును ఆమె మొఱ వినలేదు. ఆమె మనసు మిక్కిలి సుకుమారమనిరి! 1987 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసి ఆమెకు విడాకు లిచ్చెను. కట్నమడుగుట చట్టము నిషేధించినది. అట్టిదానికై పీడించుట క్రౌర్యమే. బాధపెట్టవలెనను సంకల్పమును ఋజువు చేయనక్కఱ లేదు అని జగన్నాథశెట్టిగారి తీర్పు. ఐతే ప్రతి యింటను పుట్టు చిన్న తగవు క్రౌర్యము కాదు సుమా.

"ఒకసారి క్షమించి మరల వెళ్లినది గదా, పంతులుగారూ?" అని శిష్యుడు సందేహించెను. క్షమించిన క్రౌర్యము విడాకులకు పనికిరాదను నియమము చట్టములో నున్నది. కాని ఆ క్షమ, మరల తప్పు చేయకుండుననెడి షరతుపై నిచ్చినదే. షరతు తప్పినచో పాత తప్పు మరల లేచును. ఇది 1975 నాటి సుప్రీంకోర్టు తీర్పు. నేరవిచారణలో వలె సందేహలేశము లేని ఋజువు వలదు, సంభావ్యత ఎటు మొగ్గునో చూచిన చాలునన్నదియు ఆ తీర్పే.

"ఉత్తరము లేమైన నున్నవా?" అని యడిగితిని. ఫోనులో అల్లుడు పంపిన సందేశము లున్నవనెను. వానిని చెఱుపవద్దనియు, తేదీల వరుసను అమ్మాయిచేతనే వ్రాయింపుమనియు చెప్పితిని. ఆదివారమునాడు అతడు వకీలు నొద్దకు పోవునప్పుడు నేనును తోడుగా పోవుచున్నాను.